అమ్మమ్మ క్యాసెట్లు: ప్రాజెక్టు డైరీ

రోజు 1

పెట్టెలో దొరికినవి: మూడు క్యాసెట్లు (రెండు 60 నిమిషాలవి, ఒకటి 90), పేజీలకు జిగురు పూసి ఉండే పాత ఫొటో ఆల్బం ఒకటి, ఒక కవర్లో విడి ఫొటోలు.

అమ్మమ్మ పోయి ఏడాది దాటింది. ఫోన్లో వీడియోలున్నాయి గాని వాటిలో ఆవిడ నవ్వడమూ, "చాల్లే, తియ్యకు" అని చెయ్యి అడ్డం పెట్టుకోవడమూ తప్ప మాట్లాడింది లేదు. మాట్లాడిన గొంతంటూ మిగిలింది ఈ క్యాసెట్లలోనే.

వాటి మీద పదేళ్ళప్పటి నా చేతిరాత. "కథలు 1", "కథలు 2". మూడోదాని మీద ఏమీ రాసి లేదు.

వినాలని ఎంత తొందరగా ఉన్నా ముందు చెయ్యాల్సిన పని వేరు. క్యాసెట్ పైఅంచున రెండు మూలలా ఉండే ప్లాస్టిక్ చెవులు విరిచేశాను. అవి ఉంటే రికార్డు బటన్ పడుతుంది, పడితే పాతది చెరుగుతూ పోతుంది. విరిచేస్తే బటన్ ఇక కిందికే దిగదు. "కథలు 1"కి ఆ చెవులు ఎప్పుడో విరిగిపోయి ఉన్నాయి. పదేళ్ళప్పుడు నాకంత బుద్ధి ఉందని నేను నమ్మను. ఇంట్లో ఎవరో పెద్దవాళ్ళు చేసిన పుణ్యం.

రోజు 2

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆరు నెలల కిందట "కథలు 2"ని డబ్బిచ్చి ఒకచోట ఎంపీ3గా మార్పించాను. గంట టేపుకి 47 నిమిషాలు తిరిగొచ్చాయి. నిశ్శబ్దం వచ్చిన చోటల్లా దానంతటదే కత్తిరించేసే సదుపాయం ఏదో వాడారట. అదొక అదనపు సేవ అన్నట్టు చెప్పారు కూడా. అమ్మమ్మ ఆగి ఆలోచించుకున్న 13 నిమిషాలూ చెత్తబుట్టలోకి పోయాయి. అదృష్టం బాగుండి టేపు మాత్రం వెనక్కొచ్చింది. అందుకే ఈసారి నేనే చేసుకుంటున్నాను.

అరువు తెచ్చిన టేప్ డెక్, దాన్నుంచి కంప్యూటర్‌కి ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, శబ్దాన్ని రికార్డు చేసి సరిదిద్దే ఆడాసిటీ ప్రోగ్రాం. టేపుని చదివే హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచాను. గోధుమరంగు మరక చాలాసేపు వస్తూనే ఉంది. రబ్బరు చక్రానికి ఆల్కహాల్ తగలనివ్వలేదు. అది రబ్బర్ని ఎండబెడుతుంది.

ఎంత నాణ్యతలో రికార్డు చెయ్యాలన్నదాని మీద కాసేపు తర్జనభర్జన పడ్డాను. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం (ఐఏఎస్ఏ) కనీసం 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల నమూనాలు), 24 బిట్ అంటుంది, 96 అయితే మేలంటుంది. 96కే పెట్టాను. స్టీరియోలో గంటకి 2 జీబీ పైచిలుకు. ముసలావిడ మాటలకి ఇంత అవసరమా అని తమ్ముడు అడిగాడు. టేపు ఇంకోసారి సవ్యంగా తిరుగుతుందన్న భరోసా నాకు లేదు, అందుకని.

రోజు 4

"కథలు 1" పెడితే ఎక్కడో లోతులోంచి వస్తున్నట్టు గొణుగుడు. బయటికి తీసి కిటికీ వెలుగులో చూస్తే, టేపుని హెడ్డుకి నొక్కి పట్టే ఫెల్టు ముక్క ఊడిపోయి ఉంది. అది చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. వెనక జిగురు ఎండిపోతే ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్డుకి సరిగ్గా ఆనదు, గొంతులో పదును పోతుంది.

ఐదు స్క్రూలూ విప్పి, రెండు చక్రాలూ టేపుతో సహా ఎత్తి, పాత ఖాళీ క్యాసెట్ డిప్పలోకి మార్చాను. రాయడానికి ఒక్క వాక్యమే గాని నాకు పట్టింది రెండు గంటలు. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు లోపే. 60 నిమిషాలదే ఇలా ఉంటే 90ది ఇంకా పల్చన. ఊపిరి బిగపట్టి చేసిన పని.

రోజు 5

మాట వస్తోంది గాని దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉంది. ఆనాటి మా టేప్‌రికార్డర్ హెడ్డు కొంచెం వాలి ఉండి ఉంటుంది. దాని వాలుకి ఈ డెక్ వాలు కలవాలి. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. టేపు నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ చెవితో పట్టుకోవాలి. ముప్పావు చుట్టు తిరిగేసరికి "స"లూ "శ"లూ విడివిడిగా వినపడ్డాయి.

మొదట స్పష్టంగా వినిపించిన వాక్యం: "నొక్కావా? ఎర్ర దీపం వెలిగిందా?"

నేను హెడ్‌ఫోన్స్ తీసేసి కాసేపు వసారాలో తిరిగొచ్చాను.

రోజు 7

అమ్మకీ, పిన్నికీ, పెద్దమామయ్యకీ ఐదు నిమిషాలు వినిపించాను. అమ్మ ఏడ్చింది. పిన్ని నవ్వింది. పెద్దమామయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చివరిదాకా విని, "గొంతు అమ్మదేరా. కానీ ఇంత గాబరా మనిషి కాదు మా అమ్మ" అన్నాడు.

నిజమే. పదేళ్ళవాడి జ్ఞాపకంలో ఆవిడ గొంతు ఎలా ఉండేదో నాకు తెలియలేదు గాని, అరవై ఏళ్ళు విన్న కొడుక్కి తేడా తెలిసింది.

బ్యాటరీలు నీరసించిన రికార్డర్ నెమ్మదిగా తిరుగుతూ రికార్డు చేస్తుంది. దాన్ని సరైన వేగంతో తిరిగే డెక్‌లో పెడితే మాట పరుగెడుతుంది, శ్రుతి పైకి పోతుంది. కారణం ఇదే అయ్యుండాలి. ఎంత తేడా అన్నదే ప్రశ్న. కరెంటుతో నడిపి ఉంటే సరఫరా హమ్ (కరెంటు చేసే సన్నటి మోత) టేపులో పడేది, దాన్ని కొలిస్తే సరిపోయేది. బ్యాటరీల మీద నడిచింది కాబట్టి ఆ ఆధారం లేదు.

రోజు 8

దొరికింది! గోడ గడియారం.

అమ్మమ్మ ఆగినచోట వెనకాల సన్నగా టిక్, టిక్. పెద్దమామయ్యకి ఫోన్ చేసి అడిగితే, అది బ్యాటరీ గడియారమేనని, తనే తెచ్చిపెట్టానని చెప్పాడు. అంటే క్వార్ట్జ్. లోపలి స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకి ఒక్క అడుగు మిగులుతుంది. కాబట్టి నిమిషానికి 60 టిక్కులు, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

టేపు మొదట్లో లెక్కపెట్టాను: నిమిషానికి 62. మొదటి వైపు చివరికి వచ్చేసరికి 64. బ్యాటరీలు చచ్చిపోతున్న తీరు కూడా తెలుస్తోంది. చివరి ముక్క వేగాన్ని 60/64 వంతుకి, అంటే 6.25 శాతం తగ్గించాను. సంగీతం తెలిసినవాళ్ళ లెక్కలో ఒక స్వరస్థానం కన్నా కాస్త ఎక్కువే. మొదట పొరపాటున శ్రుతి కదలకుండా వేగం మాత్రమే మార్చే ఎఫెక్ట్ వాడాను. మాటలు సాగాయి గాని గొంతు ఇంకా చిన్నపిల్లలాగే ఉంది. రెండూ కలిపి మార్చేది వేరే ఉంటుంది, అది వాడాలి.

సాయంత్రం పెద్దమామయ్యకి ఫోన్లో వినిపించాను. అటునుంచి చాలాసేపు ఏమీ లేదు. తర్వాత "ఆఁ" అన్నాడు. అంతే.

విచిత్రమేమిటంటే, డబ్బిచ్చి చేయించిన ఎంపీ3లో ఈ టిక్కులు లెక్కపెట్టడానికి వీల్లేదు. నిశ్శబ్దంతో పాటే గడియారాన్నీ కోసేశారు.

రోజు 11

నాయిస్ రిడక్షన్ (వెనకాల చప్పుడు తీసేసే ఎఫెక్ట్) వాడి చూశాను. టేపు సరసరమనే చప్పుడు పోయింది. దానితో పాటు ఆవిడ మాటకి ముందు తీసుకునే ఊపిరీ, గడియారమూ పోయాయి. నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు ఒక వింత ధ్వని చేరింది. రద్దు. మూలం ముట్టుకోకుండా ఒక ఫైలు, వేగం మాత్రం సరిచేసింది ఒక ఫైలు. అంతకుమించి ఏమీ చెయ్యను.

మాటను అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాంని కూడా పరీక్షించాను. కథల్లో పని కొంత తేలికైంది. కానీ ఆవిడ "ఎల్లిపొయ్యాడు" అన్నదాన్ని "వెళ్ళిపోయాడు" అని రాసింది. అంతకన్నా అన్యాయం, ఆవిడ ఏమీ మాట్లాడని చోట కూడా దానికి తోచిన వాక్యాలు పెట్టింది. ఒకచోట "ధన్యవాదాలు" అని కూడా అనిపించింది! ఇంట్లో మనవడికి ధన్యవాదాలు చెప్పే అమ్మమ్మ ఎక్కడుంటుంది? ఇక చేత్తోనే రాస్తున్నాను. పది నిమిషాల టేపుకి గంటన్నర.

రోజు 13

ఇవాళ్టి సంగతి రాయడం ఇష్టం లేదు, అయినా రాయాలి.

టేపులో అక్కడక్కడా "టక్" అని చప్పుడు. స్టాప్ బటన్. రెండు క్యాసెట్లలో కలిపి 41 ఉన్నాయి. మొదట పట్టించుకోలేదు. రాస్తూ పోతుంటే అర్థమైంది. రాజుగారి ఏడుగురు కొడుకుల కథ మొదటినుంచి చివరిదాకా ఉంది. నక్క కథ ఉంది. దయ్యం కథ రెండుసార్లు ఉంది. కథ మధ్యలో అమ్మమ్మకి తన సంగతేదో గుర్తొచ్చి అటు మళ్ళిందా, టక్. కథకి తిరిగొచ్చాక మళ్ళీ మొదలు.

నొక్కింది నేనే. కథలు కావాలి నాకు. ఆవిడ సొంత గొడవకి టేపు దండగ అనుకున్నాను.

కోసేసిన వాక్యాలన్నీ విడిగా ఒక పట్టీ రాశాను. కొన్ని:

"మా అక్క ఆఖరి ఉత్తరంలో ఏం రాసిందంటే—"

"నాకు పాడటం వచ్చని మీ తాతయ్యకి తెలిసింది ఎప్పుడనుకున్నావ్—"

"ఆ పలక పగలగొట్టింది నేను కాదురా, కానీ—"

"అప్పుడు మొదటిసారి అనిపించింది నాకు, ఈ ఇంట్లో—"

కథలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ 41 ఇంకెక్కడా దొరకవు.

రోజు 14

ఏమీ చెయ్యలేదు.

రోజు 17

చేతికి వేరే పని కావాలని ఆల్బం తీశాను. జిగురు పేజీల మీద ఫొటో పెట్టి పైన ప్లాస్టిక్ పొర మూసే రకం. చూడ్డానికి భద్రంగా ఉంటుంది గాని ఫొటోలకి శత్రువు ఇదే. జిగురు పసుపెక్కి బొమ్మ వీపుకి కరుచుకుపోతుంది. గోరుతో పీకితే చిరుగుతుంది. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఫొటో కింద నుంచి రంపంలా నెమ్మదిగా లాగితే చాలావరకు ఊడి వచ్చాయి. ఆరు మాత్రం రానంటే రానన్నాయి. వాటిని పేజీతో సహా స్కాన్ చేశాను.

600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు. 4×6 అంగుళాల ఫొటో 2400×3600 చుక్కలవుతుంది, టిఫ్ ఫైలు 25 ఎంబీ చిల్లర. ప్రతిదానికీ వెనకవైపు కూడా స్కాన్ చేస్తున్నాను, ఖాళీగా ఉన్నా సరే. కొన్నిటి అంచుమీద నెలా సంవత్సరం అచ్చు వేసి ఉన్నాయి. అది కడిగిన నెల, తీసిన నెల కాదు. రీలు కెమెరాలో నెలల తరబడి ఉండిపోయిన రోజులవి. నలుపు తెలుపువి నిగనిగలాడుతూ ఉంటే, వాటి తర్వాత వచ్చిన రంగు ఫొటోలే ఎర్రబారిపోయాయి. నీలిరంగు ముందే వెలిసిపోవడం వల్ల అలా అవుతుంది.

రోజు 19

మొత్తం 188 ఫొటోలు. అమ్మమ్మ ఉన్నవి 23. వాటిలో మొహం పూర్తిగా కనిపించేవి తొమ్మిది. మిగతావాటిలో ఎవరో పిల్లాణ్ణి నిలబెడుతున్న చెయ్యి, ఫొటో అంచున సగం కోసిన భుజం, తలుపు వెనక నీడ. ఒకదాన్లో నాకు ఏడాది. నా చంకల కింద రెండు చేతులున్నాయి, మనిషి లేదు. ఆ చేతుల్ని మణికట్టు మీది పుట్టుమచ్చని బట్టి అమ్మ గుర్తుపట్టింది. దాన్ని 24వదిగా చేర్చాను.

వెనక పేర్లు రాసేటప్పుడు బాల్‌పెన్ వాడొద్దు. నొక్కు ముందుకు దిగుతుంది, సిరా పక్క ఫొటోకి అంటుతుంది. మెత్తని పెన్సిల్, అదీ అంచు దగ్గర.

రోజు 23

గోడ మీద పొడుగాటి కాగితం అంటించి అమ్మమ్మ జీవితానికి ఒక గీత గీశాను. టేపులో ఆవిడ చెప్పిన ప్రతి సంగతికీ ఎర్ర చుక్క. బంధువులు చెప్పినవాటికి నీలం చుక్క.

ఎర్ర చుక్కలన్నీ పదేళ్ళకీ పాతికేళ్ళకీ మధ్య చీమల్లా మూగాయి. ఇది మా అమ్మమ్మ ఒక్కదాని సంగతే కాదు. వయసు మళ్ళినవాళ్ళని జ్ఞాపకాలు అడిగితే పదికీ ముప్పైకీ మధ్యవే ఎక్కువ చెప్తారని మనస్తత్వశాస్త్రంలో చాలాకాలంగా తెలుసు. దానికి రెమినిసెన్స్ బంప్ అని పేరు. మొదటిసారి జరిగినవన్నీ ఆ వయసులోనే జరుగుతాయి కాబట్టి అని ఒక వివరణ.

నీలం చుక్కలు ముప్పై తర్వాతే మొదలయ్యాయి. సహజమే, పిల్లలకి ఊహ తెలిసేది అప్పుడే కదా. ఆవిడకి గుర్తున్న మనిషి వేరు, మాకు గుర్తున్న మనిషి వేరు. ఆ ఇద్దరూ కలిసే చోట గీత మీద ఏడెనిమిదేళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ తెల్లచోటు నాకు 41 క్లిక్కుల కన్నా పెద్దదిగా కనిపిస్తోంది.

రోజు 26

సగం వాక్యాల పట్టీ పట్టుకుని అందరినీ అడుగుతున్నాను. పద్ధతి: వాక్యం వినిపించి ఊరుకోవడం. "ఇలా జరిగిందా?" అని అందించకూడదు. అందిస్తే ఔనంటారు.

పలక సంగతి పిన్నికి తెలుసు. పగలగొట్టింది అమ్మమ్మ అక్క, నింద మోసింది అమ్మమ్మ. అదొక్కటీ పూర్తయింది.

ఉత్తరం దగ్గర చిక్కుపడింది. "ఉత్తరమేమిటి, పెద్దమ్మకి రాయడం రాదుగా" అన్నాడు పెద్దమామయ్య. "ఉంది, నేను చూశాను, నీలం కాగితం" అంటుంది అమ్మ. ఇద్దరూ ఫోన్లో గొడవపడ్డారు కూడా. రెండు రోజుల తర్వాత పిన్ని తీరిగ్గా "పక్కింటి అమ్మాయిచేత రాయించిందిట" అంది. అంటే ఇద్దరూ నిజమే చెప్పారు. ఉత్తరంలో ఏముందో మాత్రం ముగ్గురికీ తెలియదు.

పాట సంగతి ఎవరికీ తెలియదు. అసలు ఆవిడ పాడేదని కూడా ముగ్గురు పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

నిర్ణయం: తెలిసినవి పక్కన, చెప్పినవాళ్ళ పేరుతో, వేరే రంగులో. వాక్యం మాత్రం దాని చివరి అడ్డగీత దగ్గరే ఆగుతుంది. నా ఊహతో ఒక్కటీ నింపను. తోచిన వాక్యాలు పెట్టిన ఆ ప్రోగ్రాంకీ నాకూ తేడా ఉండాలి కదా.

రోజు 31

పేరు రాయని మూడో క్యాసెట్, 90 నిమిషాలది. టేపు పల్చన కాబట్టి రివైండ్ కూడా భయంభయంగా చేశాను. ఒక వైపంతా రేడియో పాటలు. రెండో వైపు మళ్ళీ దయ్యం కథ. ఇది మూడోసారి. పద్దెనిమిదో నిమిషంలో నేను "ఊఁ" కొట్టడం ఆగిపోయింది. నిద్రపోయినట్టున్నాను.

స్టాప్ నొక్కేవాడు లేడు.

అమ్మమ్మ కథ ఇంకో నిమిషం చెప్పి ఆపింది. "పడుకున్నావా?" తర్వాత గడియారం. లేచిన చప్పుడు, ఏదో సర్దిన చప్పుడు, దూరం నుంచి ఎవరితోనో రెండు మాటలు, అర్థం కాలేదు. తర్వాత మళ్ళీ దగ్గరికొచ్చి కూర్చుంది. రికార్డర్ తిరుగుతోందని చూసుకున్నట్టు లేదు. కూనిరాగం. మాటలు లేవు, రాగం మాత్రం. ఒకచోట శ్రుతి తప్పితే మళ్ళీ వెనక్కి వెళ్ళి సరిచేసుకుంది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఆ తర్వాత టేపు చివరిదాకా గడియారమే.

దాన్ని ముగ్గురికీ పంపాను, వివరణ ఏమీ రాయకుండా. పిన్ని గంటలో ఫోన్ చేసి "ఇదెవరు?" అంది.

రోజు 36

కాపీలు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. నా దగ్గర ఒక హార్డ్ డిస్క్, క్లౌడ్‌లో ఒకటి, పెద్దమామయ్య బీరువాలో ఇంకో డిస్క్. ఫైళ్ళు చెడిపోతే తెలియడానికి ఒక్కోదానికీ చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి టెక్స్ట్ ఫైల్లో పెట్టాను. అసలు క్యాసెట్లు పారేయడం లేదు. నిలువుగా నిలబెట్టి, స్పీకర్లకి దూరంగా.

రోజు 40

అమ్మ దగ్గర కూర్చున్నాను, ఫోన్ రికార్డర్ మధ్యలో పెట్టి. ఆ తెల్లగా ఉన్న ఏడెనిమిదేళ్ళ గురించి అడుగుదామని. అడిగాను కూడా. అమ్మ దానికి జవాబు చెప్పబోయి తన మొదటి ఉద్యోగం సంగతిలోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి ఒక స్నేహితురాలు, ఆవిడ కుట్టుమిషను, ఆ మిషను ఎవరికి అమ్మారన్నది. అమ్మమ్మ ప్రస్తావన నలభై నిమిషాలపాటు రాలేదు.

ఫైలు: 1 గంట 52 నిమిషాలు. ఇంకా వినలేదు. పాట గురించి చివర్లో ఏదో అంది, "ఒకసారి మాత్రం విన్నట్టు గుర్తు, కానీ అది రేడియోనేమో" అని. ఎర్ర చుక్కా పెట్టలేదు, నీలం చుక్కా పెట్టలేదు. పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టాను.